ఎండుటాకు మీద సంతకం ఎవరిది?

కల్లిమ అనే సీతాకోకచిలుక ఫొటో ఒకటి చాలా ఏళ్ళుగా చేతులు మారుతూ వస్తోంది. ఒకప్పుడు ఈ-మెయిల్ ఫార్వర్డ్ గా వచ్చేది, ఇప్పుడు వాట్సాప్ లో వస్తోంది. రెక్కలు మూసుకుని కొమ్మ మీద కూర్చున్న ఆ కీటకం అచ్చం ఎండుటాకులా ఉంటుంది. నడి ఈనె ఉంటుంది, పక్క ఈనెలు ఉంటాయి, తొడిమ ఉంటుంది, ఆకుకి బూజు పట్టినట్టు మచ్చలు కూడా ఉంటాయి. ఫొటో కింద ఒక ప్రశ్న: "ఈ బొమ్మ గీసిన చిత్రకారుడు ఎవరు?" పంపినవాళ్ళ మతాన్ని బట్టి జవాబు మారుతుంది. ఒకరికి విష్ణువు, ఒకరికి యెహోవా, ఇంకొకరికి అల్లా. ఒకే ఫొటో ముగ్గురు దేవుళ్ళకి రుజువు అవుతోందంటే అది ఏ దేవుడికీ రుజువు కాదేమోనన్న అనుమానం పంపేవాళ్ళకి రావాలి. రాదు.

మా హేతువాద సంఘం తరఫున బళ్ళకి వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు. గాలిలోంచి విభూతి తీయడం, నాలిక మీద కర్పూరం వెలిగించడం లాంటివి చేసి చూపిస్తే పిల్లలు పది నిమిషాల్లో కిటుకు పట్టేస్తారు. ఈ సీతాకోకచిలుక దగ్గరికి వచ్చేసరికి టీచర్లే ఆగిపోతారు. "అవన్నీ సరేనండీ, మరి దీని సంగతేమిటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. బాబా చేతిలోంచి రాలిన విభూతి మోసం, కల్లిమ రెక్క మోసం కాదు. అది నిజంగా ఉంది, నిజంగా ఆశ్చర్యకరంగా ఉంది. కాబట్టి దాన్ని ఎగతాళి చేసి తప్పించుకోకూడదు, వివరించాలి.

సృష్టివాదుల వాదనలో మూడు ముక్కలున్నాయి. ఒకటి, ఇంత పనితనం ఉన్న బొమ్మ దానంతట అది రాదు. రెండు, సగం ఆకులా ఉంటే ఏ పిట్టా మోసపోదు, కాబట్టి ఆ ఆకు ఒక్కసారే పూర్తిగా తయారై ఉండాలి. మూడు, సైంటిస్టులు ఈ కీటకాల పేర్లూ గుంపులూ మారుస్తూనే ఉంటారు, వాళ్ళకే తెలియనిది మనకేం చెబుతారు. మూడోది అన్నిటికన్నా తేలికపాటి వాదనలా కనిపిస్తుంది. నిజానికి మొదటి రెండు వాదనలకి జవాబు అందులోనే దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసంలో వర్గీకరణ గురించి ఎక్కువ చెబుతాను.

ముందు కల్లిమ అంటే ఏమిటో చూద్దాం. ఇది ఒక్క సీతాకోకచిలుక పేరు కాదు, ఒక ప్రజాతి పేరు. దగ్గర సంబంధం ఉన్న కొన్ని జాతుల్ని కలిపి ప్రజాతి అంటారు, ఇంగ్లీషులో జీనస్. 1849లో డబుల్ డే అనే ఆంగ్లేయుడు ఈ ప్రజాతిని ఏర్పరిచాడు. అందమైనది అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఇందులోని జాతులు భారతదేశం నుంచి జపాన్ దక్షిణ దీవుల దాకా, అటు సుమత్రా, జావాల దాకా ఉన్నాయి. మన దేశంలో హిమాలయాల్లోనూ మధ్య భారతం కొండల్లోనూ కనిపించేది కల్లిమ ఇనేకస్, వాడుకలో ఆరెంజ్ ఓక్ లీఫ్. పశ్చిమ కనుమల్లో ఉండేది కల్లిమ హార్స్ ఫీల్డై, అంటే బ్లూ ఓక్ లీఫ్. అండమాన్ లో మరో జాతి ఉంది. 2020లో జాతీయ సీతాకోకచిలుక కోసం ఆన్ లైన్ లో ఓట్లు అడిగినప్పుడు చివరి ఏడింటిలో ఆరెంజ్ ఓక్ లీఫ్ కూడా ఉంది.

రెక్కల పైభాగం చూస్తే ఆకు గుర్తుకే రాదు. ముదురు నీలం మీద పెద్ద నారింజ పట్టీ. ఎగురుతున్నప్పుడు దూరానికే కనిపిస్తుంది. వాలగానే రెక్కలు మూసుకుంటుంది, నీలం నారింజ మాయమై అడుగుభాగంలోని ఎండుటాకు బయటికి వస్తుంది. వెంబడించే పిట్ట నారింజ రంగు కోసం వెతుకుతుంది, ఎదురుగా ఉన్నది ఆకు. పువ్వుల మీద పెద్దగా వాలదు, చెట్ల నుంచి కారే రసం, కుళ్ళిన పండ్ల రసం తాగుతుంది.

ఇక "సగం ఆకు" వాదన. ఇదేదో మన ఋషులు చెప్పిన రహస్యం అన్నట్టు మాట్లాడుతారు గానీ ఈ వాదన ఇంగ్లండులో పుట్టింది, దాని వయసు 150 ఏళ్ళు దాటింది. ఆల్ ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ సుమత్రాలో కల్లిమని వెంబడించి, అది ఎండుటాకుల మధ్య ఎలా మాయమవుతోందో తన 1869 నాటి పుస్తకం మలయ్ ఆర్కిపెలాగోలో వివరించాడు. ప్రకృతి వరణానికి ఇది గట్టి ఉదాహరణ అన్నాడు. 1871లో సెయింట్ జార్జ్ మివార్ట్ అనే జంతుశాస్త్రవేత్త ఇలాంటి పోలికల గురించే ఎదురు ప్రశ్న వేశాడు. పూర్తయిన పోలిక ఉపయోగపడుతుంది సరే, మొదలు పెట్టినప్పుడు ఉండే ఆ కొంచెం పోలిక ఎందుకు ఉపయోగపడుతుంది అని. మివార్ట్ కాథలిక్ మతం పుచ్చుకున్నవాడు. డార్విన్ ఆ ప్రశ్నని దాటవేయలేదు. 1872లో వచ్చిన తన పుస్తకం ఆరో ముద్రణలో ఇలాంటి అభ్యంతరాలకి జవాబుగా ఒక అధ్యాయమే చేర్చాడు. తర్వాత 1945లో గోల్డ్ ష్మిట్ అనే జన్యుశాస్త్రవేత్త దేవుడి ఊసు లేకుండానే, కల్లిమ లాంటిది చిన్న చిన్న మార్పులతో కాక పెద్ద గెంతుతో వచ్చి ఉంటుందన్నాడు. అంటే ఈ ప్రశ్నని సైన్సు లోపలి మనుషులే గట్టిగా అడిగారు. ఫార్వర్డ్ చేసేవాళ్ళు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. వాలేస్ ఆత్మలతో మాట్లాడే సభలని నమ్మాడు. మనిషి మనసు ప్రకృతి వరణంతో రాలేదన్నాడు. సృష్టివాదులు దీన్ని ఎత్తి చూపిస్తే కొందరు మిత్రులు కంగారుపడతారు. కంగారు దేనికి? వాలేస్ మన ప్రవక్త కాదు. ఆయన చెప్పినవాటిలో పరీక్షకి నిలబడినది మిగిలింది, నిలబడనిది పోయింది. ఆయన మీద భక్తితో కల్లిమ సంగతి ఒప్పుకోవడం లేదు, ఆత్మలని నమ్మాడని కల్లిమ సంగతి వదులుకోనూ లేదు.

మరి సగం ఆకు సంగతి? దానికి సుమత్రా పోనక్కర్లేదు. మన తెలుగు పల్లెల్లో పొలం గట్ల మీద పీకాక్ పాన్సీ అనే నారింజ రంగు సీతాకోకచిలుక ఉంటుంది. రెక్కల పైన నెమలి కన్నుల్లాంటి చుక్కలుంటాయి కాబట్టి ఆ పేరు. వానాకాలంలో దాని రెక్క అడుగుభాగంలో కూడా కంటి చుక్కలు స్పష్టంగా ఉంటాయి. ఎండాకాలంలో పుట్టిన తరంలో అడుగున ఆ చుక్కలు దాదాపు పోతాయి, గోధుమరంగు వస్తుంది, రెక్క అంచులు కోణాలు తేలతాయి, ఆకు ఈనెలా ఒక గీత కనబడుతుంది. కల్లిమ అంత నిక్కచ్చిగా ఉండదు. అయినా ఎండిన గడ్డిలో, రాలిన ఆకుల్లో వాలితే మనిషి కన్నే తడబడుతుంది. వరిపొలాల దగ్గర సందెవేళ ఎగిరే ఈవెనింగ్ బ్రౌన్ ఇంకో మెట్టు కింద ఉంటుంది. దానికి చక్కగా గీసిన నడి ఈనె లేదు, ఎండుటాకు రంగూ మరకలూ ఉన్నాయి అంతే. అదీ హాయిగా బతుకుతోంది. సగం ఆకు పనికిరాదన్న వాదనని కళ్ళ ముందు సగం ఆకులే కొట్టిపారేస్తున్నాయి.

పిట్ట ఏమీ దేవుడిలా సర్వం తెలిసినది కాదు. సందె చీకట్లో చూస్తుంది, దూరం నుంచి చూస్తుంది, ఆకుల గుంపులో చూస్తుంది, తొందరలో చూస్తుంది. పదిసార్లలో ఒక్కసారి పొరపడినా ఆ ఒక్కసారి ఒక ప్రాణం నిలబడి గుడ్లు పెడుతుంది. 2010లో కోడిపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం ఉంది. పుల్లలా కనిపించే గొంగళిపురుగుల్ని వాటి ముందు పెట్టారు. అంతకు ముందు నిజమైన పుల్లల్ని చూసి ఉన్న కోడిపిల్లలు ఆ పురుగుల్ని పొడవడానికి ఎక్కువసేపు తీసుకున్నాయి. అంటే పురుగు కనబడక కాదు, కనబడినదాన్ని పుల్ల అనుకోవడం వల్ల. ఆ కొద్దిసేపు ఆలస్యమే ప్రకృతి వరణానికి చాలు.

ఇప్పుడు వర్గీకరణకి వద్దాం. కల్లిమని మొదట్లో వేరే గుంపులో పెట్టారు. ఈస్ట్ ఇండియా కంపెనీ మ్యూజియంలో పనిచేసిన హార్స్ ఫీల్డ్ 1829లో జావా జాతికి పేరు పెట్టినప్పుడు పాఫియా అనే ప్రజాతిలో వేశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత డబుల్ డే దానికి సొంత ప్రజాతి ఇచ్చాడు. ఆ తర్వాత ఆకులా కనిపించిన ఆఫ్రికా జాతుల్ని కూడా కల్లిమలో చేర్చారు. తర్వాత వాటిని బయటికి తీశారు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల్లో ఉండేది ఇప్పుడు కల్లిమోయిడెస్ అనే వేరే ప్రజాతి. తూర్పు ఆఫ్రికాలో ఉండేదానికి 1991లో మల్లిక అని పేరు పెట్టారు. మన మల్లెపువ్వు అనుకోకండి. కల్లిమలో మొదటి అక్షరాన్నీ చివరి అక్షరాన్నీ తారుమారు చేస్తే వచ్చే మాట అది.

చూశారా, రోజుకో మాట అంటారు వీళ్ళు. అయ్యా, ఎందుకు మార్చారో అడిగారా? ఆకులా కనిపించడం ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదని తేలింది కాబట్టి. దక్షిణ, మధ్య అమెరికా అడవుల్లో కూడా ఎండుటాకు సీతాకోకచిలుకలు ఉన్నాయి. చూడడానికి కల్లిమకి అన్నదమ్ముల్లా ఉంటాయి. తీరా రెక్కల నిర్మాణం, గొంగళిపురుగు, డి.ఎన్.ఎ. చూస్తే అవి కరాక్సినే అనే వేరే ఉపకుటుంబానికి చెందినవి. కల్లిమ ఉన్నది నింఫాలినే అనే ఉపకుటుంబంలో. మన పీకాక్ పాన్సీ కూడా అందులోదే. ఎండుటాకులా ఏమాత్రం కనిపించని పాన్సీలు కల్లిమకి చుట్టాలు, అచ్చం ఆకులా ఉండే అమెరికా సీతాకోకచిలుకలు దూరపువాళ్ళు. ఆకలిగొన్న పిట్టలూ రాలిన ఆకులూ రెండు ఖండాల్లోనూ ఉన్నాయి, రెండు వేరు వంశాలు విడివిడిగా ఒకే వేషం వేసుకున్నాయి. ఒకే చిత్రకారుడు గీసి ఉంటే రెండు ఆకుల కిందా ఒకే కుంచె పనితనం కనిపించాలి. కనిపించడం లేదు. ఒక్కో వంశం తన దగ్గరున్న పాత సరుకుతోనే ఆకు తయారుచేసుకుంది.

ఈ పాత సరుకు ఏమిటన్నదే అసలు విషయం. 1920లలో ష్వాన్ విచ్, జుఫర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ కుటుంబం సీతాకోకచిలుకల రెక్కల మీది గీతల్ని పోల్చి చూశారు. పైకి ఎంత వేరుగా ఉన్నా అన్నిటి కిందా ఒకే నమూనా ఉందని తేల్చారు. కొన్ని పట్టీలు, ఒక వరుస కంటి చుక్కలు, అంచు గీతలు. ఏ జాతిలో చూసినా ఇవే అటూ ఇటూ జరిగి, సాగి, ముడుచుకుని, మాయమై కనిపిస్తాయి. కల్లిమ ఆకులోని నడి ఈనె కొత్తగా ఎవరో గీసిన గీత కాదు. చుట్టాల రెక్కల మీద వంకరగా, ముక్కలుగా ఉన్న ఆ పాత పట్టీలే ఇక్కడ ఒక వరుసలోకి వచ్చాయి.

2014లో జపాన్ పరిశోధకులు దీన్ని లెక్క కట్టి చూపించారు. కల్లిమనీ దానికి దగ్గరి 45 జాతులనీ తీసుకుని, ఒక్కో గీత ఎవరిలో ఎలా ఉందో నమోదు చేశారు. ఆ వివరాలన్నీ వంశవృక్షం మీద పరిచి, పూర్వీకుల రెక్కలు ఎలా ఉండి ఉంటాయో వెనక్కి లెక్కించారు. ఫలితం ఏమిటంటే, మొదట ఆకులా లేని రెక్క, తర్వాత మధ్య దశలు, చివరికి ఆకు. వంకర గీత తిన్నగా అవడం లాంటి మార్పులు ఒకదాని తర్వాత ఒకటి పోగుపడ్డాయి, గెంతు లేదు. మివార్ట్ ప్రశ్నకీ గోల్డ్ ష్మిట్ అనుమానానికీ జవాబు దొరికింది. ఎలా దొరికింది? సరైన వంశవృక్షం ఉండబట్టి. ఆఫ్రికా జాతుల్ని కల్లిమలోనే ఉంచేసి, ఆకులన్నీ ఒకటే అనుకుని కూర్చుంటే ఈ లెక్క వచ్చేదే కాదు. ఎగతాళికి గురైన ఆ పేర్ల మార్పులే జవాబుకి దారి వేశాయి.

పేర్లు కలిపిన కథ కూడా చెబుతాను. మన పీకాక్ పాన్సీ ఎండాకాలం రూపానికి లిన్నేయస్ 1758లో ఆల్మానా అని పేరు పెట్టాడు. వానాకాలం రూపాన్ని వేరే జాతి అనుకుని అదే పుస్తకంలో ఆస్టెరీ అన్నాడు. స్వీడన్ లో కూర్చుని, సూది గుచ్చిన నమూనాలు చూసి పెట్టిన పేర్లవి. ఆయనకి మన వానాకాలం, ఎండాకాలం ఎలా తెలుస్తాయి? ఇలాంటి జంట పేర్లు ఇక్కడి సీతాకోకచిలుకలకి చాలా ఉండేవి. 1880లలో కలకత్తాలో లయొనెల్ డి నైస్ విల్ ఒక పని చేశాడు. బ్రౌన్ రకం సీతాకోకచిలుకల్ని గుడ్ల నుంచి పెంచి చూశాడు. ఒక రూపం పెట్టిన గుడ్లలోంచి రెండో రూపం వచ్చింది. వేరు వేరు జాతులు అనుకున్నవి తల్లీపిల్లలని తేలింది. లిన్నేయస్ ఎంత పెద్దవాడైనా ఆయన పెట్టిన ఆస్టెరీ ఇప్పుడు విడి జాతి కాదు, ఆల్మానాకి మరో పేరుగా మిగిలింది. ఆయన విగ్రహం ముందు ఎవరూ పశ్చాత్తాపం చెప్పుకోలేదు, ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు.

విడదీసిన కథ కూడా ఉంది. 2013లో కల్లిమ ఇంకాగ్నిటా అనే కొత్త జాతికి పేరు పెట్టారు. ఎవరూ గుర్తించనిది అని ఆ మాటకి అర్థం. కలపడానికీ విడదీయడానికీ కొలత ఒకటే: సాక్ష్యం. సైన్సులో ప్రజాతి పేరు ఒక తీర్మానం లాంటిది. "ఇవన్నీ ఒకే పూర్వీకుడి సంతానం" అని అది ఒక మాట అంటుంది. ఆ మాట తప్పని చూపించడానికి ఎవరికైనా హక్కు ఉంది. తప్పని తేలితే పేరు పోతుంది. ఓడిపోయే అవకాశం ఉన్న మాటకే గెలిచినప్పుడు విలువ. ఎన్నటికీ మారని మాట నిజమని కాదు అర్థం, దాన్ని ఎవరూ పరీక్షించనివ్వలేదని అర్థం.

మన దేశంలో మారని వర్గీకరణ ఒకటి ఉంది. అదీ పుట్టుకని బట్టే. అక్కడ కూడా జాతి అనే మాటే వాడతారు. మనుషుల్ని నాలుగు గుంపులుగా, నాలుగు గుంపుల బయట ఇంకో గుంపుగా విడగొట్టి, దీనికి సాక్ష్యం ఏమిటని అడిగినవాడి నోరు నొక్కారు. మనుషులందరూ ఒకే జాతి, హోమో సేపియన్స్. ఆ మాట చెప్పింది సీతాకోకచిలుకల పేర్లు మార్చే ఈ శాస్త్రమే. సైంటిస్టులు వర్గీకరణ మారుస్తారని నవ్వేవాళ్ళు తమ ఇంట్లో పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ఏ వర్గీకరణని పట్టుకు వేలాడుతున్నారో ఒకసారి చూసుకోవాలి.

ఇక్కడ దశావతారాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2019 జనవరిలో జలంధర్ లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ ఛాన్సలర్ దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కన్నా మెరుగైనవన్నారు. కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలని కూడా అన్నారు. చేప, తాబేలు, పంది, సగం సింహం, పొట్టి మనిషి, పూర్తి మనిషి అంటూ వరస చెప్పి ఇదే జీవపరిణామం అనడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఈ వరస ఒక నిచ్చెన. జీవపరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు వేసే చెట్టు. కల్లిమ పీకాక్ పాన్సీ కన్నా పై మెట్టు మీద లేదు. రెండూ ఒకే చెట్టు మీద రెండు చివరి రెమ్మలు, రెండూ ఈ రోజు బతికున్నవే. దశావతారాల నుంచి కల్లిమ గురించి ఒక్క విషయం ముందుగా చెప్పగలరా? పాన్సీ రెక్క మీది పట్టీ కల్లిమ ఈనె అయిందని చెప్పగలరా? అమెరికా ఆకూ ఆసియా ఆకూ చుట్టాలు కావని చెప్పగలరా? అలా చెప్పలేనిది కథ కావచ్చు, నమ్మకం కావచ్చు, సిద్ధాంతం మాత్రం కాదు.

2022లో సెల్ అనే పత్రికలో కల్లిమ జన్యువుల మీద పెద్ద పరిశోధన వచ్చింది. చైనా శాస్త్రవేత్తలు నాయకత్వం వహించారు. ఈ ప్రజాతి తూర్పు హిమాలయాల్లో శాఖలుగా విడిపోయి, అక్కడి నుంచి తూర్పు ఆసియాకీ ఆగ్నేయాసియాకీ పాకిందని తేల్చారు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా బయటపడింది. ఒకే జాతి కల్లిమల్లో కూడా ఆకులన్నీ ఒకేలా ఉండవు. ఒకదాని ఆకు నున్నగా ఉంటుంది, ఒకదానికి ఈనె ముదురుగా ఉంటుంది, ఒకదానికి మరకలు ఎక్కువ. ఈ తేడాలు క్రోమోజోమ్ మీద కార్టెక్స్ అనే జన్యువు ఉన్న చోటుతో ముడిపడి ఉన్నాయి. ఇంగ్లండులో పొగగొట్టాల కాలంలో నల్లబడిన పెప్పర్డ్ మాత్ లోనూ, అమెరికా ఖండం హెలికోనియస్ సీతాకోకచిలుకల రంగు పట్టీల్లోనూ పనిచేసింది ఆ చోటే. ఆకు కోసం ప్రత్యేకంగా తయారుచేసిన జన్యువు కాదు. ఒకేలాంటి ఆకు అందరికీ ఉంటే పిట్ట త్వరగా నేర్చుకుంటుంది. రకరకాలుగా ఉంటే నేర్చుకోవడం కష్టం. అందుకే ఈ తేడాలు చాలా కాలంగా నిలిచి ఉన్నాయని అనుకోవచ్చు.

కథ అక్కడితో ఆగలేదు. 2024లో వేరే సీతాకోకచిలుకల మీద చేసిన ప్రయోగాలు, ఆ చోట రెక్క రంగుని నడిపేది కార్టెక్స్ జన్యువు కాకపోవచ్చని చూపించాయి. దాని పక్కనే ప్రోటీన్ తయారుచేయని ఒక ఆర్.ఎన్.ఎ., అందులోంచి వచ్చే ఒక చిన్న మైక్రో ఆర్.ఎన్.ఎ. అసలు పని చేస్తున్నాయి. రెండేళ్ళలో సవరణ వచ్చింది. సవరించింది ఎవరు? మఠాధిపతులా, పాస్టర్లా, మౌల్వీలా? కాదు, ఇంకో ప్రయోగశాలలోని సైంటిస్టులు. సవరణ తర్వాత వంశవృక్షం కూలిపోయిందా? లేదు. ఏ మీట నొక్కితే దీపం వెలుగుతోందో ఇంకాస్త దగ్గరగా తెలిసింది, అంతే.

కాబట్టి చిత్రకారుడు ఎవరన్న ప్రశ్నకి జవాబు చెప్పవచ్చు. సరుకు ఇచ్చింది పూర్వీకుల రెక్క. తేడాలు ఇచ్చింది జన్యువుల్లోని మార్పులు. ఏరి పారేసింది పిట్ట. పిట్టకి బొమ్మ గీయాలన్న కోరిక లేదు, దానికి కావలసింది తిండి. ఆకులా తక్కువగా ఉన్నదాన్ని ఎక్కువసార్లు పట్టుకుని తింది. లక్షల ఏళ్ళు అదే పని చేసింది. మిగిలినవి పిల్లల్ని కన్నాయి.

ఇది కాదు, దేవుడే గీశాడంటారా? అయితే నాదో ప్రశ్న. సీతాకోకచిలుకని కాపాడాలని దేవుడు దాని మీద ఆకు గీశాడు సరే. దాన్ని వెతికి పట్టుకునే చురుకైన కళ్ళు పిట్టకి ఇచ్చింది ఎవరు? ఆ పిట్టకి ఆకలి పెట్టింది ఎవరు? గూట్లో నోళ్ళు తెరుచుకున్న దాని పిల్లలు పస్తుంటే ఆ పాపం ఎవరిది? ఒక చేత్తో దొంగకి నిచ్చెన ఇచ్చి, రెండో చేత్తో ఇంటాయనకి తాళం ఇచ్చేవాడిని మనం ఊళ్ళో ఏమంటామో, అదే అనాలి. ప్రకృతి వరణానికి ఈ చిక్కు లేదు. అక్కడ ఎవరూ ఎవరినీ కాపాడాలనుకోలేదు, శిక్షించాలనీ అనుకోలేదు.

ఇదంతా ఒక కీటకం గురించిన గొడవ అయితే నేను ఇంత రాయనక్కర్లేదు. 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయమంత్రి ఒకరు, అదీ విద్యాశాఖని చూసే మానవ వనరుల శాఖలో ఉన్నాయన, డార్విన్ సిద్ధాంతం తప్పు, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి పాఠ్యపుస్తకాల్లోంచి తీసెయ్యాలన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాల్సి వచ్చింది. అయిదేళ్ళు గడిచాయి. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్స్ పుస్తకంలో "వంశపారంపర్యత, పరిణామం" అనే పాఠంలోంచి పరిణామాన్ని తీసేసింది. పిల్లల మీద భారం తగ్గించడానికన్నారు, పన్నెండో తరగతిలో ఉంది కదా అన్నారు. 1800 మందికి పైగా సైంటిస్టులూ టీచర్లూ సంతకాలు చేసి అభ్యంతరం చెప్పారు. పన్నెండులో అది చదివేది బయాలజీ తీసుకున్నవాళ్ళే. పదితో చదువు ఆపేసే పిల్లాడికీ, ఎం.పి.సి.లో చేరే పిల్లకీ, కామర్స్ చదివే పిల్లకీ ఆ పాఠం అందదు. ఎండుటాకు ఫొటో మాత్రం అందరికీ అందుతుంది. జవాబు తీసేసి ప్రశ్నని వదిలేశారు. ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో మీకు తెలుసు.

రాజ్యాంగంలోని 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధి అంటోంది. 1976 నుంచీ అంటోంది. విధి ప్రభుత్వం చేసే దాకా ఆగక్కర్లేదు, అది మన పేరునే రాసి ఉంది. టీచర్ మిత్రులకి నా సూచన ఒకటే. పిల్లల్ని వానాకాలంలో ఒకసారి, మళ్ళీ ఎండలు ముదిరాక ఒకసారి పొలం గట్ల మీదికి తీసుకెళ్ళండి. పీకాక్ పాన్సీ రెక్క అడుగుభాగం ఫొటో రెండుసార్లూ తీయించండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ఇవి రెండు జాతులా ఒకటా, ఎలా తేల్చాలి అని అడగండి. జవాబు మీరు చెప్పకండి. గుడ్ల నుంచి పెంచి చూడాలన్న మాట ఆ పిల్లల్లో ఒకరి నోట రావాలి. ఆ తర్వాత కల్లిమ ఫొటో చూపించి, ఈ ఈనె ఏ పట్టీలోంచి వచ్చిందో వెతకమనండి. వెతికిన పిల్లలకి వాట్సాప్ లో వచ్చే ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది. అప్పుడు దాన్ని ముందుకు పంపాలో, తిరిగి ప్రశ్నించాలో వాళ్ళే తేల్చుకుంటారు.